తెప్ప కడుపులో నీళ్లు

తెప్పకు చిల్లు పడటమేంటని బాపట్లలో నాతో ఇంటర్ చదివినవాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు. వాళ్లు చూసిన తెప్ప నాలుగైదు దుంగలను తాళ్లతో కట్టింది. దానికి పైన కూర్చోవడమే గాని లోపల అనేదే లేదు. అల వస్తే నీళ్లు దుంగల సందుల్లోంచి పైకి వస్తాయి, అదే దారిన కిందికి పోతాయి. మనం నడుం దాకా తడిసి కూర్చుంటాం, తెప్ప మాత్రం మునగదు. మా నాన్న తెప్ప అలాంటిదే. మా అన్నను చంపింది అది కాదు. చంపిన తెప్పకు కడుపుంది, ఆ కడుపులోకి నీళ్లు పోయాయి. ఎలా పోయాయో నాకూ మా అన్నకూ తప్ప ఇంకెవరికీ తెలియదని, అందులోనూ మా అమ్మకు అసలే తెలియకూడదని, కొంతకాలం నేను నోరు కుట్టేసుకుని బతికాను.

మాది బాపట్లకూ రేపల్లెకూ మధ్య, సముద్రాన్ని ఆనుకుని ఉన్న పల్లె. చేపలు అమ్మడానికి బాపట్ల, వలలకూ తాళ్లకూ రేపల్లె, ప్రాణం మీదికొస్తే తెనాలి. మా లోకం అంతే. ఎనభైల చివర్లో నేను ఇంటర్ తప్పి తిరిగొచ్చిన ఏడే మా నాన్న పోయాడు. దగ్గి దగ్గి మంచం మీదే పోయాడు. సముద్రం మీద బతికినవాడు మంచం మీద పోవడం మా పల్లెలో అదృష్టం కిందే లెక్క. మా అమ్మ ఏడుస్తూనే ఆ మాట వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంది. చెప్పి ఊరుకోలేదు, దానికి కారణం కూడా చెప్పింది. ఆ కారణం పేరు మేకు.

కొత్త తెప్ప కట్టినప్పుడు నీళ్లలోకి దించే ముందు ఆ ఇంటి పెద్ద ఆడమనిషి దాని ముక్కులో ఒక ఇనప మేకు దిగ్గొడుతుంది. ముక్కంటే తెప్ప ముందు కొస. మేకుకు పసుపు తాడు చుట్టి, వేపరెమ్మా నిమ్మకాయా కడతారు. ఇంట్లో మగవాళ్లు సుత్తి ముట్టుకోకూడదు. సముద్రం ఆడది కాబట్టి ఆ అప్పగింత ఏదో ఆడవాళ్లే చూసుకోవాలని మా పల్లె లెక్క. చెక్కలోకి దిగిన మేకును తడిసిన చెక్క ఉబ్బి గట్టిగా పట్టేసుకుంటుంది. ఏళ్ల తరబడి తుప్పు పట్టి అక్కడే ఉంటుంది తప్ప ఊడదు. మా నాన్న తెప్పకు మేకు కొట్టింది మా అమ్మే, కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో మా నాయనమ్మ లేకపోవడం వల్ల. ఆ మేకే తన మొగుణ్ణి ప్రతిసారీ ఒడ్డుకు తెచ్చిందని ఆవిడ నమ్మకం. నమ్మకం అనడం కూడా తప్పే. మనం అన్నం తింటే ఆకలి తీరుతుందని నమ్ముతామా?

తొంభైల మొదట్లో మా తీరానికి ఫైబర్ తెప్పలు వచ్చాయి. మంచి దుంగలు దొరకడం మానేశాయి, దొరికినా మా అందుబాటులో లేవు. మత్స్యకారుల సొసైటీ ద్వారా మా అన్నకు ఒక ఫైబర్ తెప్ప వచ్చింది. లారీ మీద నుంచి దాన్ని నలుగురే దించుతుంటే పల్లెంతా నోరు తెరుచుకుని చూశాం. దుంగల తెప్పయితే పదిమంది భుజాలు కాయలు కాసేవి. ఇది నున్నగా, తెల్లగా, పెద్ద సొరకాయలా ఉంది. పైన కూర్చోవడానికి బల్లపరుపు, కింద బోలు కడుపు, ఆ కడుపు నిండా థర్మోకోల్ ముక్కలు, చుట్టూ ఎక్కడా అతుకు కనబడకుండా మూసేశారు. తర్వాత వచ్చిన తెప్పలకు వెనకవైపు నీళ్లు వదిలే బిరడా పెట్టారు గాని మాకొచ్చిన దానికి అదీ లేదు. ఇది మునగదండి, ముంచుదామన్నా మునగదండి అని లారీతో వచ్చినతను చెప్పాడు. రాళ్ల మీద ఈడ్చొద్దన్నాడు. అతను చెప్పింది అంతే, మేం అడిగింది కూడా అంతే.

మా అన్న నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. అప్పటికి పెళ్లయి ఒక ఆడపిల్ల. మనిషి మంచివాడే గాని నోరు మంచిది కాదు. కోపం వస్తే ముందు నోరు, ఆ తర్వాత బుద్ధి పనిచేసే ఇల్లు మాది, అందులో మా అన్న ముందు వరస. తిట్టిన పావుగంటకు తనే వచ్చి భుజం మీద చెయ్యేసి బీడీ అడిగేవాడు. తెప్ప దించే రోజున అమ్మ సుత్తీ మేకూ పట్టుకుని వస్తే మాత్రం తిట్టలేదు. ఇది చెక్క కాదు గదమ్మా, తాడు చుట్టి నిమ్మకాయ కట్టేద్దాం అని నెమ్మదిగానే అన్నాడు. అమ్మ ససేమిరా అంది.

"మీ నాన్న మంచం మీద పోయాడ్రా. నువ్వు కూడా ముసలాడివై మంచం మీదే పోవాలి. మేకు లేని తెప్ప మీద నా కొడుకుల్ని పంపను" అంది.

చుట్టూ ఉన్న పెద్దలు కూడా ఆవిడ వైపే. మా వదిన పిల్లను చంకనేసుకుని పసుపు నీళ్లు చల్లింది. అమ్మ ముక్కు కొసన మేకు పెట్టి కొట్టింది. రెండు దెబ్బలకు గట్టిగా ఉన్నది మూడో దెబ్బకు సర్రున దిగిపోయింది. చెక్కలా పట్టలేదేంట్రా అని అమ్మ అనుమానంగా చూసింది. లోపల థర్మోకోల్ ఉందిగా, అదే పట్టుకుంటుందిలే అన్నాడు అన్న. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తాడు చుట్టారు, నిమ్మకాయ కట్టారు, కొబ్బరికాయ కొట్టారు. ఆ రోజు పడ్డ కానాగంత చేపల్ని బాపట్ల తీసుకెళ్లి అమ్మి, వస్తూ పిల్లకు గిలక్కాయ తెచ్చాడు మా అన్న.

మొదట్లో ఇద్దరం నెడితే చాలు, తెప్ప ఇసుక మీద జారుతూ పోయి నీళ్లలో పడేది. వానలు వెళ్లేసరికి ముగ్గురు కావలసి వచ్చింది. ఆ తర్వాత నలుగురు. మా పల్లెలో దానికి ఎవరూ ఆశ్చర్యపోలేదు. తెప్ప తాగింది అన్నారు. దుంగలు నీళ్లు తాగుతాయి, బరువెక్కుతాయి, అప్పుడు కట్లు విప్పి దుంగల్ని విడివిడిగా ఎండలో ఆరబెడతారు, మళ్లీ తేలికవుతాయి. మా తాతల నాటి నుంచీ జరిగేది అదే కాబట్టి మేమూ అదే చేశాం. ఫైబర్ తెప్పను తిరగేసి రెండు మూడు రోజులు ఎండలో పెట్టాం. అన్ని వైపులా మూసేసిన డబ్బాను ఎండబెడితే లోపలి నీళ్లు ఎక్కడికి పోతాయని ఒక్కడికీ తట్టలేదు. ఇంటర్ దాకా సైన్సు చదివిన నాకూ తట్టలేదు. పైగా నెట్టి చూసి, కొంచెం తేలికైందిరోయ్ అని మాకు మేమే చెప్పుకున్నాం. థర్మోకోల్ ముక్కల మధ్య ఇరుక్కున్న నీళ్లు అప్పటికింకా చప్పుడు చేసేంత లేవు. ఊపి చూసినా ఏమీ వినపడలేదు.

కార్తీకం వెళ్లిన తర్వాత ఒక ఉదయం మా ఇద్దరమే వేటకు వెళ్లాం. వారం రోజులుగా నాకు జ్వరం, ముందు రోజే తగ్గింది. రావద్దని వదిన అంది. రెండో మనిషి లేకపోతే వల లాగడం కుదరదు కాబట్టి నేనే వెళతానన్నాను. తెప్పను నీళ్లలోకి దించేటప్పుడే ఐదుగురు పట్టాల్సి వచ్చింది. ఎండబెట్టాలి, ఈ వేట కాగానే పెడదాం అన్నాడు అన్న.

గాలి పడమటి నుంచి మెల్లగా ఉంది. తెరచాప ఎత్తి బాగా లోపలికి పోయాం. ఒడ్డున సరుగుడు తోట సన్నటి నల్లగీతలా మిగిలింది. వల వేసి, అన్నం తిని, వల లాగాం. చేప బాగానే పడింది. తడిసిన వలనూ చేపనూ ముందువైపు కుప్ప పోశాం. ఎప్పుడూ పోసేది అక్కడే. ఈలోగా గాలి ఈశాన్యానికి తిరిగింది, అలలు లేవడం మొదలైంది. తిరిగి వద్దామని తెప్పను తిప్పాం. అప్పుడు నాకు కింద నుంచి ఒక చప్పుడు వినపడింది. నెత్తి మీద నిండు బిందె పెట్టుకుని నడిచే మనిషి పక్కన నడిస్తే వినపడే చప్పుడు.

అన్నకూ వినపడింది. తెడ్డు పక్కన పెట్టి తెప్ప మీద బోర్లా పడుకుని చెవి ఆనించాడు. అల ఎత్తినప్పుడు నీళ్లు వెనక్కి పోతున్నాయి, దిగినప్పుడు ముందుకు వస్తున్నాయి. ముందుకు వచ్చిన ప్రతిసారీ ముక్కు నీళ్లలో కూరుకుపోతోంది, మళ్లీ పైకి లేవడానికి బద్ధకిస్తోంది. అన్న లేచి కూర్చుని నా ముఖంలోకి చూశాడు. ఆ చూపులో భయం చూడటం నాకదే మొదటిసారి.

నావలోకి నీళ్లొస్తే డబ్బాతో తోడుకోవచ్చు. దుంగల తెప్పలోకి నీళ్లొస్తే వాటంతటవే పోతాయి. దీంట్లో నీళ్లు మన కిందే, మన పిర్రల కింద జానెడు దూరంలో ఉన్నాయి, చెయ్యి పెట్టడానికి మాత్రం దారి లేదు. దాని మీద కూర్చుని ఆ చప్పుడు వింటూ ఉండాలి. అంతకంటే దిక్కుమాలిన స్థితి నేను తర్వాత కూడా ఎక్కడా చూడలేదు.

ముందు చేపను నీళ్లపాలు చేశాం. తర్వాత వల. వలను తోసేటప్పుడు అన్న ఒక్క క్షణం ఆగాడు. ఆ వలకు మా వదిన ఆర్నెల్లు కూర్చుని ముడులు వేసింది. కళ్లు మూసుకుని తోసేశాడు. ముందువైపు తేలికయ్యాక ముక్కు కాస్త లేచింది. నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూడమని నన్ను ముందుకు పంపాడు. పాకుతూ వెళ్లి చూశాను. ముక్కు నీళ్లలోకి దిగిన ప్రతిసారీ ఒకచోట నుంచి సన్నగా బుడగలు లేస్తున్నాయి. లోపలి గాలి బయటికి వస్తోంది, దాని చోటులోకి సముద్రం పోతోంది. అక్కడ కుళ్లిన పసుపు తాడు ముక్క ఒకటి వేలాడుతోంది. మేకు సగానికి సగం తుప్పు తినేసింది, దాని చుట్టూ ఫైబరు గాజులా నెర్రెలిచ్చింది. చెక్కయితే ఉబ్బి పట్టుకునేది. ఇది పట్టుకోలేదు. ప్రతి అలకూ మేకు కదిలి కదిలి చిల్లును వేలు పట్టేంత చేసింది.

ఏంట్రా అని అన్న అరిచాడు. మేకు అన్నాను. తను కూడా పాకుతూ వచ్చి చూశాడు. వంగి, చూసి, పళ్లు కొరికి అన్నాడు.

"ముసల్ది చంపిందిరా మనల్ని."

ఆ క్షణంలో నాకూ ఆవిడ మీద అంతే కోపం వచ్చింది. సుత్తి పట్టుకుని నిలబడ్డ మా అమ్మ, చుట్టూ తలలూపిన పెద్దలు, నవ్విన మేము, అందరూ కళ్ల ముందు కనిపించారు.

అన్న కత్తి మొనతో మేకును పీకి సముద్రంలోకి విసిరాడు. తన తువ్వాలు చింపి, తెరచాప వెదురు నుంచి ఒక పేడు తీసి దానికి గుడ్డ చుట్టి, చిల్లులో పెట్టి కత్తి పిడితో కొట్టాడు. బుడగలు ఆగాయి. ఇక కొత్త నీళ్లు రావు. ఉన్న నీళ్ల సంగతేంటి? వెనక చిల్లు పొడిచి వదిలేద్దామా అని నేను అన్నాను. వెనక వైపు కూడా నీళ్లలోనే ఉందిరా, బయటివి లోపలికి వస్తాయి గాని లోపలివి బయటికి పోవు అన్నాడు. నిజమే. ఇద్దరం వెనక్కి జరిగితే నీళ్లన్నీ వెనక్కి వచ్చి తోక మునుగుతోంది. ముందుకు జరిగితే ముక్కు మునుగుతోంది. మధ్యలో కదలకుండా కూర్చుంటే పక్కలకు పొర్లుతోంది. తెరచాప ఎత్తితే బోల్తా కొట్టడం ఖాయం. లోపల నీళ్లు ఏ పక్కకు పోతే తెప్ప ఆ పక్కదే, మన మాట వినదు.

అప్పుడు అన్న నీళ్లలోకి దిగాడు. తన బరువు తగ్గితే తెప్ప తేలుతుంది, వెనక తాడు పట్టుకుని కిందికి లాగుతూ ఉంటే ముక్కు పైకి ఉంటుంది. నన్ను మధ్యలో మోకాళ్ల మీద కూర్చుని తెడ్డు వెయ్యమన్నాడు. కాసేపయ్యాక నేను దిగుతాను, నువ్వెక్కు అన్నాను. జ్వరం మనిషివి నోరు మూసుకుని తెడ్డెయ్యి అన్నాడు. మధ్యాహ్నమంతా అలాగే నడిచింది. గాలి కొంత ఒడ్డువైపే తోసింది. వెనక్కి చూసినప్పుడల్లా తల ఒక్కటే కనిపించేది, పెదాలు తెల్లగా పాలిపోయి. మధ్యమధ్య తిట్లు వినపడేవి. తిట్లు వినపడినంతసేపు నాకు ధైర్యంగా ఉండేది. అమ్మను మాత్రం మళ్లీ ఏమీ అనలేదు.

పొద్దు వాలకముందే సరుగుడు చెట్లు విడివిడిగా కనిపించాయి. ఒడ్డున మనుషులు కూడా కనిపించారు. ఇక అలలు విరిగే చోటు ఒక్కటే మిగిలింది. మామూలుగా అయితే అక్కడ మాకు సంతోషం, పెద్ద అల వెనక నుంచి ఎత్తి ఒక్క ఊపున ఒడ్డున పారేస్తుంది. ఈ తెప్పను ఆ అల ఎత్తితే ఏమవుతుందో అన్నకు తెలుసు. తోక లేస్తుంది, కడుపులోని నీళ్లన్నీ ఒక్కసారి ముక్కులోకి పోతాయి, తెప్ప తలకిందులుగా నిలబడుతుంది. నన్ను దూకేసి ఈదుకుంటూ పొమ్మన్నాడు. నువ్వు కూడా వదిలెయ్యి అన్నాను. నువ్వు దూకితే వదులుతానన్నాడు. మా ఇద్దరి మాటా పూర్తికాకుండానే వెనక అల లేచింది.

తోక ఆకాశంలోకి లేవడం నాకు గుర్తుంది. తాడుతో పాటు అన్న కూడా లేవడం గుర్తుంది. నేను ముందుకు పడ్డాను, నోట్లో ఇసుక. లేచి చూసేసరికి తెప్ప బోర్లా పడి ఉంది. మనుషులు నడుంలోతు నీళ్లలో అన్నను ఎత్తుతున్నారు. మెడ ఒక పక్కకు వాలిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి. నన్ను చూసి, బాగున్నావా అని అడిగాడు.

ట్రాక్టరు మీద బాపట్ల, అక్కణ్ణుంచి వ్యానులో తెనాలి. మెడలో ఎముక విరిగిందన్నారు డాక్టర్లు. మెడ కింద ఏమీ తెలియదు, కాళ్లూ చేతులూ ఇక లేనట్టే అనుకోండి అన్నారు. ఊపిరి తీసుకోవడం కూడా రోజురోజుకూ కష్టమవుతుందని నన్ను పక్కకు పిలిచి చెప్పారు. అమ్మ మంచం కాళ్లవైపు, వదిన తలవైపు కూర్చునేవాళ్లు. పిల్లను పల్లెలోనే వదిలి వచ్చాం. నేను మందుల కోసం, టీల కోసం బయట తిరిగేవాణ్ణి. తెనాలి వీధుల్లో జనం నవ్వుకుంటూ టిఫిన్లు తింటుంటే వాళ్లందరి మీదా నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు ఆడవాళ్లిద్దరూ స్నానానికి వెళ్లినప్పుడు అన్న నన్ను దగ్గరికి రమ్మని కళ్లతో పిలిచాడు. మాట అప్పటికే సన్నగా, ఊపిరి మధ్యలో తెగి తెగి వస్తోంది.

"మేకు సంగతి అమ్మకి చెప్పమాక. రాయి తగిలిందని చెప్పు. అది బతకలేదురా."

చెప్పనన్నాను. ఒట్టెయ్యమన్నాడు. నేను వాడి చెయ్యి పట్టుకుని ఒట్టు వేశాను. చెయ్యి పట్టుకున్నానని వాడికి తెలియలేదు, మళ్లీ ఒట్టెయ్యమన్నాడు. అప్పుడు నుదుటి మీద చెయ్యి పెట్టి వేశాను. ఆ తర్వాత వాడు ఎక్కువ రోజులు బతకలేదు.

అన్నను పల్లెకు తెచ్చి, అన్నీ అయిపోయాక అమ్మ మాట్లాడటం మానేసింది. అడిగితే ఊఁ, లేకపోతే అదీ లేదు. పొయ్యి దగ్గర పని ఎప్పట్లాగే చేసేది, పిల్లకు నీళ్లు పోసేది. తన వంతు అన్నం మాత్రం కెలికి వదిలేసేది. కడుపుకోత అలాగే ఉంటుందని చుట్టుపక్కల వాళ్లన్నారు. మేమూ అలాగే అనుకున్నాం. నీళ్లెలా వెళ్లాయిరా అని అడిగినవాళ్లకల్లా రాయి తగిలిందని చెబుతూ వచ్చాను. ఫైబర్ తెప్పకు రాయి పడదని లారీ అతను ముందే చెప్పాడు కాబట్టి అందరూ నమ్మారు. అబద్ధం అంత సులువుగా అతుక్కుంటుందని అనుకోలేదు.

వదిననూ పిల్లనూ పోషించాలంటే నాకు తెలిసిన పని వేట ఒక్కటే, ఉన్నది ఆ తెప్ప ఒక్కటే. ఒడ్డున అది ఉన్న వైపు పోకుండా చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ణి. అయినా బాగుచేయించక తప్పలేదు. రేపల్లె నుంచి ఫైబర్ పనిచేసే మెకానిక్కు వచ్చాడు. తెప్పను రాట్ల మీదికి ఎక్కించి, అడుగున రంపంతో ఒక పలక కోశాడు. నీళ్లు దూకాయి. గోధుమరంగులో, కుళ్లిన వాసనతో, ఇసుకలో కాలువ కట్టి పారాయి. చూడటానికి వచ్చినవాళ్లు ముక్కులు మూసుకుని వెనక్కి జరిగారు. ఎంతకీ ఆగవు. మా అన్న మధ్యాహ్నమంతా తాడు పట్టుకుని లాగింది ఆ నీళ్లనే. పాచి పట్టిన థర్మోకోల్ ముక్కల్ని మెకానిక్కు చేతులతో లాగి బయట పోశాడు. తర్వాత ముక్కు దగ్గరికొచ్చి, గుడ్డ చుట్టిన వెదురు పేడును చూసి, ఇదేంటి తమ్ముడూ, ఈ బెజ్జం ఎలా పడింది అని అడిగాడు. రాయి తగిలింది బాబాయ్ అన్నాను.

అమ్మ అతనికి మజ్జిగ తెచ్చి నా వెనకే నిలబడిందని నేను చూడలేదు.

"రాయి కాదు నాయనా, మేకు. నేనే కొట్టాను" అంది.

అతను మజ్జిగ చెంబు అందుకుని తలొంచుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకున్నారు. అమ్మ వెనక్కి తిరిగి ఇంటివైపు నడిచింది. నేను వెంటబడి వెళ్లాను. అరుగు మీద కూర్చుంది. ఎవరు చెప్పారని అడిగాను. ఎవరూ చెప్పలేదంది. తెప్ప నడిపిన మనిషి పోతే, మేకు కొట్టిన ఆడమనిషే దాన్ని పీకి సముద్రానికి తిరిగిచ్చెయ్యాలి. నాన్న పోయినప్పుడు కూడా ఆవిడే పీకి ఇచ్చిందట, నేను గమనించనేలేదు. అన్న దినం అయిన మర్నాడు తెల్లారకముందే పట్టకారు పట్టుకుని తెప్ప దగ్గరికి వెళ్లింది. మేకు లేదు. దాని చోట గుడ్డ ఉంది. అంతా అప్పుడే అర్థమైందంది. ఇన్నాళ్లుగా ఆవిడ నోట్లో నుంచి మాట రాకపోవడానికి కారణం నాకు అప్పుడు తెలిసింది. నేను ఒట్టు నిలబెట్టుకున్నానని అనుకుంటున్నంతకాలమూ ఆవిడ ఒక్కతే దాన్ని మింగుతూ కూర్చుంది. వెళ్లి పక్కన కూర్చున్నాను. నాకు ఏడుపొచ్చింది, ఆవిడకు రాలేదు.

"సముద్రంలో ఏమన్నాడ్రా నన్ను?" అంది.

"నీకు చెప్పొద్దన్నాడమ్మా."

"అది తెనాల్లో అనుంటాడు. మేకు పీకేటప్పుడు ఏమన్నాడో చెప్పు. వాడు నా కొడుకు, నోరు మూసుకుని పీకి ఉండడు."

నేను చెప్పనన్నాను. ఆవిడ నా గడ్డం పట్టుకుని ముఖం తనవైపు తిప్పుకుంది. ఇక తప్పించుకునే దారి లేదు, చెప్పాను. ముసల్ది చంపిందిరా మనల్ని అన్నాడని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"నవ్వుతా అన్నాడా, కోపంగా అన్నాడా?"

"కోపంగానే అమ్మా."

అమ్మ తల ఊపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది. కళ్లలో నీళ్లు ఊరడం అప్పుడు చూశాను, అన్న పోయినప్పటి నుంచీ అదే మొదలు.

"తెనాల్లో నేను కాళ్లు పిసుకుతుంటే, హాయిగా ఉందే అమ్మా అనేవాడు, రోజూ. మెడ కింద చచ్చిపోయినోడికి హాయేంటిరా? నా కోసం అబద్ధాలాడుకుంటా పోయాడు. ఒక్క నిజం మాటన్నా నాకు మిగలొద్దూ?" అంది.

అని, కొంగుతో ముఖం తుడుచుకుని, మెకానిక్కుకు అన్నం వడ్డించడానికి లేచి వెళ్లింది.